లైనింగ్ ఉస్తాద్

పోయిన ఆదివారం మేం ముగ్గురం మళ్ళీ కొట్లాడుకున్నాం. అమెరికా కంపెనీ ఒకటి తన మజిల్ కారులో కొత్త రకం తెచ్చిందన్న వార్త మీద. మజిల్ కారంటే మామూలు ఒంట్లో పెద్ద ఇంజన్ దూర్చిన బండి. తిన్నటి రోడ్డు మీద ఉరకడానికే పుట్టింది. ఈ కొత్తదాన్ని మాత్రం రేసు ట్రాకు మీద మలుపులు తిప్పడానికి తయారుచేశారట. వెనక సీట్లు పీకేశారు. డిక్కీ మీద మనిషి పడుకునేంత రెక్క బిగించారు.

“మజిల్ కారంటె సీదా ఉరకాలె. మలుపులు తిప్పుకుంట పోయేదానికి గా పేరెందుకు?” అన్నాడు బసవరాజు. ఆయనకు కోహీరు దగ్గర అల్లం తోట ఉంది.

“జమానా మారింది భాయ్. సీదా ఎవడైన తోల్తడు. తిప్పుడులనే ఉన్నది అసలు మజా,” అన్నాడు నయీం. బస్టాండు ఎదురుగా మందుల దుకాణం అతనిది.

“గేరు చేత్తోని వేసేది ఉంచిన్రా, తీసేసిన్రా? ముందుగల గది చెప్పు,” అన్నాడు బసవరాజు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. గాలి ఆ రెక్కను కిందికి ఎలా నొక్కుతుందో వివరించబోయాను. ఎవరూ వినలేదు. మా ముగ్గురిలో ఎవరికీ కారు లేదు. బసవరాజుకు ట్రాక్టరు, మిగతా ఇద్దరికీ స్కూటర్లు. జహీరాబాద్ హైవే పక్క చాయ్ హోటల్లో కూర్చుని, ఎన్నడూ ఎక్కబోని బండి గురించి ఏడేళ్ళుగా ప్రతి ఆదివారం ఇలాగే తగువు పడుతున్నాం.

నయీం ఫోన్లో వివరాలన్నీ గడగడా చదివాడు. చివర్లో “బ్రేకులు...” అని గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి, చెవుడున్న మనిషికి చదివినట్టు మొదలుపెట్టాడు. రెండు మాటలకే ఆగిపోయాడు. ఎవరికోసం చదువుతున్నాడో ముగ్గురికీ ఒకేసారి తెలిసింది. ఆ మనిషి పోయి ఏడాది దాటింది.

అందరం ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్ళం. లారీ డ్రైవర్లు లైనింగ్ ఉస్తాద్ అనేవాళ్ళు. లారీ చక్రం లోపల బ్రేకు షూ అని ఇనుప ముక్క ఉంటుంది. దానికి అంటిపెట్టుకుని ఉండే దళసరి పట్టీ లైనింగు. చక్రాన్ని రాసుకుని లారీని ఆపేది ఆ పట్టీయే. అది అరిగిపోతే పీకి, కొత్తది పెట్టి, రివిట్లు కొట్టాలి. హైవే మీద రేకుల షెడ్డులో నలభై ఏళ్ళు ఆయన చేసిన పని అదొక్కటే. ఇంజన్ ముట్టేవాడు కాదు. టైరు పంక్చరైందని వస్తే పక్క దుకాణం చూపించేవాడు.

ఆదివారం మాత్రం చర్చిలో పొద్దుటి ప్రార్థన ముగించుకుని, తెల్ల చొక్కాతో, చంకలో బైబిలుతో హోటలుకు వచ్చేవాడు. బల్ల మీద రుమాలు పరిచి దాని మీద బైబిలు పెట్టి, అప్పుడు చాయ్ చెప్పేవాడు. ఎంత తోమినా ఆయన గోళ్ళ చుట్టూ నల్లటి గీత పోయేది కాదు. సుత్తి చప్పుడుకు చెవులు సగం పోయాయి. మనం చెప్పే మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చేది. అదే చెవులకు, రోడ్డు మీద పోతున్న లారీ బ్రేకు వేస్తే ఏ చక్రంలో లోపముందో తెలిసేది. “ఎడమ వెనకది. చమురు పడ్డది,” అని సాసరు నోటి దగ్గర పెట్టుకునే చెప్పేవాడు. లారీ అప్పటికి దాటిపోయి ఉండేది. నిజమో కాదో మేం తేల్చుకునే వీలు లేదు. చెప్పింది నమ్మేవాళ్ళం.

ఏ వస్తువు చేతికిచ్చినా బొటనవేలితో అంచు తడిమి మందం చూసేవాడు. బిస్కెట్టు, నా హాజరు పట్టీ, పెళ్ళి కార్డు, ఏదైనా సరే. మా అమ్మాయి పెళ్ళికి పిలవడానికి వెళ్తే కార్డు విప్పకముందే అంచు పట్టి చూసి, “మంచి మందమే కొట్టించినవ్ సారూ,” అన్నాడు. తర్వాతే పిల్లాడి ఊరు అడిగాడు.

ఒకసారి ఆయనతో కలిసి బస్సులో సంగారెడ్డి వెళ్ళాను. డ్రైవరు వెనక సీటే కావాలన్నాడు. దారి పొడుగునా ఆయన కుడికాలు నేలను నొక్కుతూనే ఉంది. డ్రైవరు కంటే ఒక క్షణం ముందే నొక్కేది. దిగాక పిక్క పట్టేసిందని కాసేపు బస్టాండు బెంచీ మీద కూర్చున్నాడు.

మా కార్ల చర్చల్లోకి ఆయన ఎలా వచ్చాడంటే, పక్క బల్ల మీద కూర్చుని వింటూ ఒకరోజు కుర్చీ మా వైపు జరిపాడు. “గా బండి చప్పుడు ఒకపారి వినిపియ్యు నయీం భాయ్,” అన్నాడు. నయీం వీడియో పెట్టి ఫోను ఇచ్చాడు. ఆయన దాన్ని చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. బొమ్మ చూడనేలేదు. వీడియో అయిపోయాక ఫోను తిరిగిస్తూ చిన్నపిల్లాడిలా నవ్వాడు. అప్పటినుంచి ఆయన మాలో నాలుగోవాడు.

వాదనలో మాత్రం ఎవరి పక్షమూ పట్టేవాడు కాదు. ఎన్ని గుర్రాల బలం, వందకు ఎన్ని సెకన్లలో పోతుంది అని మేం గొంతులు చించుకుంటుంటే చివరిదాకా ఊరుకుని, “ఎంత దూరంల ఆగుతది?” అనేవాడు. ఆ సంగతి ఫోన్లో దొరికేది కాదు. దొరక్కపోతే ఆయన దృష్టిలో ఆ రోజు చర్చ తేలనట్టే. పోనీ కారు చక్రంలో తిరిగే బ్రేకు పళ్ళెం, అదే డిస్కు, ఎంత వెడల్పో చదవమనేవాడు. నయీం గట్టిగా చదివేవాడు. ఆయన రెండు చేతులూ బల్ల మీద పెట్టి ఆ వెడల్పు కొలిచి, తల ఊపేవాడు.

“ఆపుడు పని చేసేటోనివి, గింత ఉరికే బండి మీద నీకెందుకు ఇష్టం ఉస్తాద్?” అని బసవరాజు అడిగాడు ఒకసారి.

“ఉరికేది లేకపోతె నాకు పనేముంటది బసన్నా?” అన్నాడాయన. సాసరులో చాయ్ ఒంపుకుంటూ, “నాకు సైకిలే వచ్చు. గియి చూస్తె మనసైతది, అంతే,” అన్నాడు.

నాకు గుర్తున్న ఇంకో సంగతి. ఒక ఆదివారం ఆయన నన్ను పక్కకు పిలిచి అడిగాడు. “సారూ, వేగం రెండింతలయితె ఆగెతందుకు దూరం కూడ రెండింతలేనా?”

“కాదు ఉస్తాద్, నాలుగింతలు.”

ఆయన నా ముఖంలోకి చూశాడు. “గంతే. నేను లారీల అరుగుడు చూసి అనుకునేటోణ్ణి. ఎవరూ నమ్మకపోయేది.”

మర్నాడు నేను పాఠం ముగించి బయటికి వచ్చేసరికి వరండాలో చెప్పులు విప్పి నిలబడి ఉన్నాడు. అది పుస్తకంలో ఉందా అని అడిగాడు. లైబ్రరీలోకి తీసుకెళ్ళి పేజీ చూపించాను. ఇంగ్లీషు ఆయనకు రాదు. అయినా ఆ సూత్రం మీద అరచేయి ఆనించి కొంచెంసేపు అలాగే ఉన్నాడు. ఆ వారం మా ముగ్గురినీ షెడ్డుకు పిలిపించి గోడ మీద ఆ మాట రాయించాడు. నేను తెలుగులో, నయీం ఉర్దూలో, బసవరాజు కన్నడంలో. లారీ పైకెత్తి ఉన్నంతసేపూ డ్రైవర్లను ఆ గోడకు ఎదురుగా కూర్చోబెట్టేవాడు. చదువు రానివాళ్ళకు తనే చదివి వినిపించేవాడు. మూడు భాషల్లోనూ అక్షరం తెలియని మనిషి, మూడూ కంఠతా పట్టాడు.

ఆయన్ని తీసుకుపోయింది ఆ పనే. పాత లైనింగుల నుంచి రాలే దుమ్ము నలభై ఏళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయింది. కూతురు నర్సు. మూతికి కట్టుకోమని మాస్కులు తెచ్చి ఇచ్చేది. ఆయన వాటిని గడ్డం కింద కట్టుకునేవాడు. దగ్గు మొదలైన తర్వాత కూడా రెండేళ్ళు పని చేశాడు. చివరికి కూతురే షెడ్డు తాళం తీసుకుంది. హైదరాబాద్ దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే చూపించి చాలాసేపు చెప్పాడట. ఈయన ఆ ఫిల్ము వెలుతురుకు పట్టి చూసి, “ఫోటో మంచిగ వచ్చింది,” అన్నాడట. ఆ మాట చెప్తూ కూతురు నవ్వింది, తర్వాత లోపలికి వెళ్ళిపోయింది. పోయిన ఏడాది వానాకాలంలో పోయాడు. షెడ్డు ఉన్న చోట ఇప్పుడు మొబైల్ ఫోన్లు అమ్ముతున్నారు.

ఆయన ఎలాంటివాడని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒక్క ఆదివారం సంగతే. దగ్గు ఇంకా ముదరని రోజులవి. చలికాలం, పొద్దున తొమ్మిది గంటలు. మంచు ఇంకా విడవలేదు. చెరకు నరికే కాలం కావడంతో, ట్రాలీల నిండా గడలు వేసుకున్న ట్రాక్టర్లు పక్క దారుల్లోంచి ఉన్నట్టుండి హైవే ఎక్కుతున్నాయి. మేం గేర్ల గురించి మాట్లాడుకుంటున్నాం. ఉస్తాద్ సాసరు కింద పెట్టి తల తిప్పాడు.

కొన్ని క్షణాల తర్వాత మాకూ వినిపించింది. మేం ఫోన్లో వందసార్లు విన్న ఇంజన్ చప్పుడు అది. నారింజ రంగు కారు ఒకటి మంచులోంచి బయటపడి సరిగ్గా మా హోటలు ముందు ఆగింది. అదే కంపెనీ, అదే మజిల్ కారు, దాని పాత రకం. బసవరాజు చాయ్ ఒలకబోసుకున్నాడు. నయీం ఫోను తీసుకుని పరుగెత్తాడు. నేనూ పరుగెత్తానని ఒప్పుకోవాలి.

ముప్పై ఏళ్ళ అబ్బాయి దిగాడు. హైదరాబాద్ అట. స్నేహితులతో కలిసి కార్లలో షోలాపూర్ దాటి ఎక్కడికో పోతున్నారు. మిగతావాళ్ళు ముందు వెళ్ళిపోయారు. కారులో అతని భార్య, వెనక సీట్లో నాలుగేళ్ళ పాప నిద్రపోతోంది. అబ్బాయి మర్యాదస్తుడు. ఫోటోలు తీసుకోనిచ్చాడు. బానెట్ ఎత్తి ఇంజన్ చూపించాడు. నిన్ననే దీన్ని ట్రాకు మీద తిప్పానని, టైర్లకు పొగలొచ్చాయని చెప్పాడు. మేం నోళ్ళు తెరుచుకుని విన్నాం.

ఉస్తాద్ ఇంజన్ వైపు రాలేదు. ముందు కుడి చక్రం పక్కన గొంతుకూర్చుని వాసన చూస్తున్నాడు.

“బిడ్డా, ఆపేటప్పుడు గీసుకున్న చప్పుడు వస్తుంది. నువ్వు విన్నవా?”

“రాళ్ళు ఇరుక్కుని ఉంటాయి అంకుల్.”

“రాళ్ళు కాదు. లోపలి దిక్కు లైనింగు అయిపోయింది. ఇనుము ఇనుముకు తాకుతుంది.”

అబ్బాయి వంగి చక్రం కమ్మీల మధ్యనుంచి చూశాడు. “ఇదిగో, కనిపిస్తూనే ఉంది. ఇంకా చాలా మందం ఉంది.”

“అది బయటిది. లోపలిది కండ్లకు కనపడదు. జర చక్రం విప్పుదాం. నా షెడ్డు గదే, రోడ్డు పక్కకే. పది నిమిషాలు.”

“ఏదన్నా ఉంటే డ్యాష్‌బోర్డు మీద లైటు వస్తుంది అంకుల్. ఇది లారీ కాదు.”

“లైటుకు తెల్వకపోవచ్చు బిడ్డా.”

అబ్బాయి ఫోను మోగింది. ముందువాళ్ళు తొందరపెడుతున్నారు. అతను బానెట్ మూసి, మాకు చెయ్యి ఊపి, ఎక్కి ఇంజన్ పెట్టాడు. ఉస్తాద్ వెళ్ళి కారు ముందు నిలబడ్డాడు. తెల్ల చొక్కా, రెండు చేతులూ బానెట్ మీద.

అబ్బాయి హారన్ కొట్టాడు. ఉస్తాద్ కదల్లేదు. హోటల్లోంచి జనం బయటికి వచ్చారు. అబ్బాయి కిటికీ దించి, ఈసారి విసుగ్గా, “ఎవరండీ ఈయన? పని కోసం ఇట్లా బండ్లు ఆపుతారా?” అన్నాడు మా వైపు చూసి.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళకు ఆ కారు మా ముందుకు వచ్చింది. దాని యజమాని మాతో నవ్వుతూ మాట్లాడాడు. ఇప్పుడు మమ్మల్ని హైవే మీద బేరగాళ్ళను చూసినట్టు చూస్తున్నాడు. నేను వెళ్ళి ఉస్తాద్ చేయి పట్టుకున్నాను.

“వదిలేయండి ఉస్తాద్. వాళ్ళకు తెలియదా?”

“తెల్వది సారూ,” అన్నాడాయన.

నేను గుంజాను. రెండో పక్కనుంచి నయీం కూడా పట్టుకున్నాడు. ఆయన ఒకసారి నా ముఖంలోకి చూసి, బానెట్ మీంచి చేతులు తీసి పక్కకు జరిగాడు. కారు కదిలింది. పది గజాలు పోయి ఆగింది.

ఎడమవైపు తలుపు తెరుచుకుని అతని భార్య దిగింది. వెనకనుంచి పాపను ఎత్తుకుంది. పాప నిద్రలోనే ఆమె భుజం మీద తల పెట్టుకుంది. ఆమె మా వైపు కాదు, సరాసరి ఉస్తాద్ వైపు నడిచి వచ్చింది.

“ఇప్పుడు ఆపినప్పుడు నాక్కూడా వినబడింది అంకుల్. విప్పి చూడండి.”

అబ్బాయి లోపలినుంచి ఏదో అన్నాడు. ఆమె వెనక్కి తిరగలేదు. “చూసేదాకా నేనూ పాపా ఎక్కం,” అంది.

కారును షెడ్డులోకి తోసి చక్రం విప్పడానికి పావుగంట పట్టింది. ఉస్తాద్ తెల్ల చొక్కా విప్పి మేకుకు తగిలించి, బనీనుతో కింద కూర్చున్నాడు. లోపలి ప్యాడు, కారుకు లైనింగంటే అదే, బయటికి తీసి అబ్బాయి అరచేతిలో పెట్టాడు. ఒక అంచున కాగితమంత కూడా మిగల్లేదు. వెనకున్న ఇనుప రేకు తళతళా మెరుస్తోంది. బ్రేకు పళ్ళెం మీద గోరు దిగేంత గాడి. అబ్బాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. రోడ్డు మీద చెరకు ట్రాక్టరు ఒకటి ఉన్నట్టుండి మంచులోంచి వచ్చి మలుపు తిరిగింది. అతను తలెత్తి అది పోయేదాకా చూశాడు.

“మీ దగ్గర ఏదన్నా ఉంటే వేయండి అంకుల్. మెల్లగా పోతాను,” అన్నాడు చివరికి.

“నా దగ్గర ఉన్నది లారీ మాలు. కోసి పెట్టొచ్చు. గానీ పెట్ట.”

“ఎందుకు?”

“పెడితె నీకు ధైర్యం వస్తది బిడ్డా. గదే వద్దు.”

కారును ఎక్కించుకుపోయే చదును లారీ కోసం హైదరాబాద్‌కు ఫోను చేశారు. అది వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అప్పటిదాకా తల్లీ పాపా ఉస్తాద్ ఇంట్లో ఉన్నారు. ఆయన కూతురు వాళ్ళకు అన్నం పెట్టింది. అబ్బాయి మాత్రం షెడ్డులోనే ఒక డబ్బా మీద కూర్చుని, గోడ మీద రాత చదువుతూ ఉండిపోయాడు. కొంతసేపటికి లేచి ఉస్తాద్‌కు తాళంచెవి ఇచ్చి, “కూర్చోండి అంకుల్, స్టార్ట్ చేయండి,” అన్నాడు.

ఉస్తాద్ చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాడు. సీటు మీద పాత పేపరు పరిచి కూర్చున్నాడు. ఇంజన్ పెట్టి కళ్ళు మూసుకున్నాడు. రేకులన్నీ గడగడలాడాయి. ఒక నిమిషం ఉందేమో. తనే ఆపేసి, “చాలు,” అన్నాడు.

చదును లారీ వచ్చాక కారును ఇనుప తాడుతో పైకి గుంజారు. ఎవరో ఒకరు లోపల కూర్చుని స్టీరింగు పట్టుకోవాలి. అబ్బాయి ఉస్తాద్‌నే కూర్చోమన్నాడు. కారు మనిషి నడకకన్నా మెల్లగా, చప్పుడు లేకుండా పైకి పోతుంటే, ఆయన రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, మెడ నిక్కించి ముందుకే చూస్తూ ఉన్నాడు. నయీం ఫోటో తీయబోయి, ఎందుకో ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక బసవరాజు, నయీం కూడా ఇళ్ళకు పోయారు. ఉస్తాద్ పనిముట్లు సర్దుతున్నాడు. నేను కొంతసేపు అక్కడే తచ్చాడాను.

“ఉస్తాద్, పొద్దున నేను మీ చేయి పట్టి గుంజాను. తప్పు చేశాను,” అన్నాను.

ఆయనకు వినిపించలేదేమోనని మళ్ళీ చెప్పబోయాను. వినిపించింది.

“నువ్వు గుంజినవ్, నాకు కోపం లేదు సారూ. నీకు తెల్వది, గుంజినవ్,” అన్నాడు. “నాకు తెల్సు. తెల్సి గూడ పక్కకు జరిగిన. గా పిల్ల దిగకపోతె వాళ్ళు పోతుండిరి. పొద్దుటిసంది అదే తల్లో తిరుగుతుంది.”

తెల్ల చొక్కా తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, సైకిలు తీసుకుని ఇంటికి వెళ్ళాడు.